పాతపెట్టెలోని పెండ్లిపాటలు

ఇంట మూలబడిన పాత కంప్యూటరును పాతసామానులవానికి తూచి యిచ్చుట నేడు వాడుకయైనది. ఇచ్చుటకు ముందు అందేమున్నదో విచారింపుడని నా మనవి.

పెదపారుపూడిలోని మా యింట 1993లో కొన్న 386 యంత్ర మొకటి కలదు. మా యత్తగారు పాడిన పెండ్లిపాటలను, మేలుకొలుపులను, అప్పగింతల పాటలను మా యాడుబిడ్డ ఆనాడు దానిలో తెలుగున నెక్కించెను. అత్తగారు స్వర్గస్థులైరి, వ్రాతపుస్తకములను చెదలు తినినవి. ఇక నా పాటలకు మిగిలిన చోటు ఆ పెట్టె యొక్కటియే.

దానిలోని డిస్కును తీసి నేటి యంత్రమునకు తగిలింపరాదా యని మీరడుగవచ్చును. ఆకాలపు చిన్న డిస్కులను ఇప్పటి యూఎస్‌బీ అడాప్టర్లు తరచుగా గుర్తింపవు. కావున పాత యంత్రమునే బ్రదికింపవలసి వచ్చినది.

మూత తీయగా బోర్డుమీద పచ్చని చిలుము కనబడెను. గడియారమును, డిస్కు వివరములను జ్ఞాపకముంచుటకై అట్టి బోర్డులపై నికెల్ కాడ్మియమ్ బ్యాటరీని అతికించెడివారు. అది ముదిరిన కొలది క్షారమును కార్చి రాగిగీతలను తినివేయును. క్షారమునకు విరుగుడు పులుపే గదా! బ్యాటరీని తొలగించి, వంటింటి వినిగరులో తడిపిన మెత్తని బ్రష్షుతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, రెండు దినములు ఆరబెట్టితిని. తెగిన గీతలను గుడివాడలో రేడియోలు బాగుచేయు పెద్దాయన సన్నని తీగెలతో టంకము వేసి కలిపిరి. బదులుగా నాణెపు బ్యాటరీని పెట్టుచు, నడుమ నొక డయోడు నుంచిరి. అది లేనిచో ఛార్జి చేయరాని బ్యాటరీలోనికి విద్యుత్తెక్కి ప్రమాదము కలుగునట.

విడిభాగముల వేట వేరొక కథ. లావు గుండ్రని ప్లగ్గు గల కీబోర్డు విజయవాడ గవర్నరుపేటలో మూడవ దుకాణమున దొరకినది. ఫ్లాపీ డ్రైవు మచిలీపట్నములో మూతపడిన యొక టైపు ఇన్‌స్టిట్యూటు అటకమీద దొరకినది. ఎచ్చటను దొరకనిది జిస్ట్ కార్డు. భారతీయ లిపులను తెరపై చూపుటకై కాన్పూరు ఐఐటీలో పుట్టిన విద్య యది. 1988లో పూనాలో వెలసిన సీడాక్ సంస్థ దానిని వ్యాపింపజేసెను. మా కార్డును క్షారము చెరచినది. యంత్రము లేచినను పాటలు పిచ్చిగీతలుగానే కనబడెను.

అప్పుడు మమ్ము గాచినది ప్రమాణము. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించిన ఇస్కీ పద్ధతిలో ప్రతి యక్షరమునకు నొక సంఖ్య నిర్ణయింపబడినది. తెలుగు కకారమునకును నాగరి కకారమునకును సంఖ్య యొక్కటే. ఆ పట్టిక యందరికిని లభ్యము. ఫ్లాపీ మీదుగా తెచ్చిన యా సంఖ్యలను మా యబ్బాయి నేటి యూనికోడు అక్షరములుగా మార్చెను. ఏ యంగడిలోను దొరకని భాగమునకు బదులు, దాపరికము లేక ప్రకటింపబడిన నియమ మక్కరకు వచ్చినది. ఆ సాయంత్రము మా యాడుబిడ్డ అప్పగింతల పాటను చదువజాలక పాడుకొనెను.

మీ యింట నట్టి పెట్టె యున్నచో మొదట బ్యాటరీని తీయింపుడు. పవర్ సప్లై మూతను మాత్రము మీరు విప్పకుడు. ప్లగ్గు తీసినను అందు విద్యుత్తు నిలువయుండును. లోని వ్రాతను యూనికోడులోనికి మార్పించి రెండు చోట్ల దాచుడు. చిల్లిపడిన బిందెకు మాటు వేయించి వాడుకొను నేర్పు మనకు క్రొత్త గాదు. ఈ పెట్టెలకు మాటు వేయగల పెద్దలును, పాతభాగములును ఊరూర తరుగుచున్న దినములివి, ఆలసింపకుడు.