ముప్ఫై ఏడు చుక్కలు

లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. బి.ఏ.లో చేరిందే వాటిని తప్పించుకోవడానికి. అలాంటి నాకు, నాన్నగారు పోయినప్పుడు, పాతపట్నంలో మా పుట్టింటి గుమ్మంలోనే ఓ లెక్క ఎదురైంది.

పెద్దకార్యానికి ఎంతమందికి వండాలని వంటాయన అడిగాడు. నేను గుమ్మం పక్కన కూర్చుని, పలకరింపుకు ఎవరొచ్చినా ఓ గీత గీశాను. రెండ్రోజులకే మూడువందల గీతలు!

అమ్మ చూసి, "ఏటే ఈ గీతలు? ఎదురింటి పిన్ని పూటకి నాలుగుసార్లొస్తాది. నాలుగుసార్లొచ్చినా మనిషొక్కర్తే కదే?" అంది.

నిజమే. నేను లెక్కపెట్టింది రాకల్ని, మనుషుల్ని కాదు.

హైదరాబాదులో నెట్‌వర్కుల ఉద్యోగం చేసే మా మేనల్లుడు నవ్వాడు. "మా బాధా ఇదే అత్తా. తీగల్లో సెకనుకి లక్షల ప్యాకెట్లు పరిగెడతాయి. ఒక కంప్యూటరు ఇంకోదానితో ఆడే మాట ఎన్నో ప్యాకెట్లుగా వస్తుంది. మొత్తం కలిపి ఒక్క ప్రవాహమే. వేర్వేరు ప్రవాహాలు ఎన్నో తెలియాలి. ఉన్నట్టుండి ఆ సంఖ్య పెరిగిందంటే ఎవరో దాడి చేస్తున్నారేమో!"

"పేర్లు రాసుకోరాదూ?"

"మనింట్లో రాసుకోవచ్చు. అంత వేగాన్ని అందుకునే జ్ఞాపకం మా పెట్టెల్లో కొంచెమే ఉంటుంది, ఖరీదెక్కువ. అందుకని చుక్కలు పెడతాం."

మైల ఇంట ముగ్గు పెట్టరు. వాడు పాత క్యాలెండరు వెనక వంద చుక్కలు పెట్టాడు. మనిషి పేరు ఫోనులో కొడితే, ఏదో సూత్రం ప్రకారం ఒకటినుంచి వందలోపు ఓ అంకె వస్తుంది. ఆ పేరుకి ఎప్పుడూ అదే అంకె. ఆ చుక్కకి సున్నా చుట్టాలి. పిన్ని నలభైసార్లొచ్చినా చుట్టేది ఒక్క సున్నాయే.

"ఇద్దరికి ఒకే చుక్క వస్తే?" అన్నాను, పట్టేసినట్టు.

"వస్తుంది. అందుకే నిండినవి కాదు, ఖాళీగా మిగిలినవి చూస్తాం. వందమంది వస్తే వంద చుక్కల్లో సుమారు ముప్ఫై ఏడు ఖాళీగా ఉండిపోతాయి."

ఎస్టాన్, వర్గీస్, ఫిస్క్ అనే ముగ్గురు 2003లో నెట్‌వర్కుల కోసం ఈ చుక్కల పద్ధతికి మెరుగులు దిద్దారట. ఫ్లాజొలే అనే ఫ్రెంచాయన 1980లలోనే మార్టిన్‌తో కలిసి ఇలాంటి లెక్కకే ఇంకో దారి వేశాడు. 2007లో ఆయనా, మిత్రులూ కనిపెట్టిన పద్ధతికి ఒకటిన్నర కిలోబైట్ల చోటు చాలు. వందకోట్లు దాటిన వేర్వేరు పేర్లనైనా, నూటికి రెండు పాళ్ళ తేడాలో చెప్పేస్తుంది.

పేర్లు నేను చెప్పాను, వాడు సున్నాలు చుట్టాడు. పదోరోజు రాత్రికి సరిగ్గా ముప్ఫై ఏడు ఖాళీలు మిగిలాయి.

"తొంభై తొమ్మిది మంది. ఓ ఎనిమిదిమంది అటో ఇటో!" అన్నాడు దర్జాగా.

అమ్మ అంతవరకూ మాట్లాడలేదు. "ఆ ఎనిమిదిమందిలో మీ చినతాతున్నాడేట్రా?" అంది.

పర్లాకిమిడిలో ఉండే మా చిన్నాన్న. కూతవేటు దూరం. పొలం తగాదాతో తొమ్మిదేళ్ళుగా ఆయన మా గడప తొక్కలేదు. పదిరోజులుగా అమ్మ వీధి అరుగు ఎందుకు వదలలేదో నాకప్పుడు తెలిసింది.

వాడు ఆయన పేరు కొట్టాడు. అరవై నాలుగో చుక్క. ఖాళీ.

"నిండి ఉంటే, ఆయనో ఇంకొకరో చెప్పలేను మామ్మా. ఖాళీ అంటే మాత్రం రానట్టే. అందులో పొరపాటుండదు."

నేను లేచి పర్లాకిమిడికి ఫోను చేశాను. "అమ్మ మీకోసం చూస్తోంది చిన్నాన్నా" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

పదకొండోరోజు తెల్లారకముందే, అందరికంటే ముందు ఆయనొచ్చాడు. అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. తొమ్మిదేళ్ళ ఊసెత్తలేదు.

మేనల్లుడు అరవై నాలుగో చుక్కకి సున్నా చుట్టి, "మామ్మా, ఇప్పుడు నూటరెండు!" అన్నాడు.

"ఒక్కడొస్తే ముగ్గురెలా పెరిగార్రా?"

"చుక్కలు నిండుతున్నకొద్దీ కొత్తది దొరకడం కష్టం మామ్మా. అందుకే ఆలస్యంగా నిండిన చుక్కకి విలువ ఎక్కువ."

"అదేదో సరిగ్గానే కట్టారు మీవాళ్ళు" అంది అమ్మ, కాఫీ కలపడానికి లోపలికి వెళుతూ.