పాదం ఆనే చోటు

సైకిలు కొనదలచినవారు ముందుగా ఫ్రేము ఎత్తు చూస్తారు. పిదప రంగు చూస్తారు, గేర్లు లెక్కపెడతారు, బ్రేకులు నొక్కి చూస్తారు, సీటును అరచేతితో అదిమి మెత్తదనం పరీక్షిస్తారు. పెడళ్ళ వైపు మాత్రం చూపు సారించేవారు అరుదు. దుకాణదారు ఏవి బిగించి ఇస్తే అవే మన పెడళ్ళు. నిజానికి సైకిలుకూ మనిషికీ స్పర్శ ఉండేది మూడే చోట్ల: చేతులు పట్టే హ్యాండిలు, కూర్చునే సీటు, పాదాలు ఆనే పెడళ్ళు. వీటిలో మన బలమంతా యంత్రంలోకి ప్రవహించేది ఆ చివరి దాని గుండానే. చూడడానికి అతి సామాన్యంగా కనిపించే ఆ చిన్న భాగాన్ని గురించి మేము కొన్ని నెలల పాటు ఆలోచించవలసి వచ్చింది. అందువల్ల మాకు తెలిసివచ్చిన నాలుగు మాటలు తోటి ఉద్యోగ మిత్రులతోనూ వారి కుటుంబ సభ్యులతోనూ పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మేము భార్యాభర్తలం ఇద్దరమూ ఈ సంస్థ ఉద్యోగులమే, నివాసం ఉక్కునగరం. జనరల్ షిఫ్టుకు సైకిళ్ళ మీదనే వెళ్ళివస్తాం. దారిలో మాతో మరిద్దరు కలుస్తారు. ఒకరు మా ఇద్దరికీ పని నేర్పిన పెద్దవారు. విభాగంలో అందరికీ ఆయన గురువుగారే. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళున్నాయి. మరొకరు ఐదేళ్ళ క్రితం ఉద్యోగంలో చేరిన యువకుడు. మమ్మల్ని అన్నయ్య, వదిన అని పిలుస్తాడు. ఆదివారం వచ్చిందంటే మేము ముగ్గురం అప్పికొండ తీరం దాకా వెళ్ళి, సోమేశ్వరుని గుడి చూసి, కొంతసేపు సముద్రపు గాలి పీల్చుకుని తిరిగివస్తాం. ఆ అబ్బాయి మాత్రం తెల్లవారకముందే బయలుదేరి, నగరం దాటి, భీమిలి దారి పడతాడు.

గత వర్షాకాలంలో ఒక ఉదయం స్పీడ్ బ్రేకరు దాటుతుండగా గురువుగారి కుడి పాదం పెడలు మీద నుంచి జారింది. ఏళ్ళ తరబడి వాడినందున రబ్బరు దిమ్మలు నున్నగా అరిగిపోయిన పెడలు అది. గిర్రున తిరిగివచ్చిన పెడలు అంచు మోకాలి కింద ముందు ఎముకకు తగిలింది. ఆయన పడిపోలేదు. రక్తం తుడుచుకుని, సమయానికే హాజరు వేయించుకున్నారు. ఇతరులకైతే అది వారం పది రోజుల్లో మానే గాయం. గురువుగారు పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధితో ఉన్నవారు. అది మానడానికి రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో ఒకటే చర్చ. "ఇన్నాళ్ళు తొక్కింది చాలండీ, ఇక బస్సులో వెళ్ళండి" అని అమ్మగారు. "నాన్నగారూ, మేము స్కూటరు కొనిస్తాం" అని హైదరాబాదు నుంచి పిల్లల ఫోన్లు. గురువుగారు ఎవరికీ బదులు చెప్పలేదు. కట్టు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడు వైద్యులే తీర్పు చెప్పారు. రోజూ సైకిలు తొక్కడం వల్ల ఆయన రక్తంలో చక్కెర అదుపులో ఉంటున్నది కనుక దానిని మానకూడదు. అయితే కాలికి మరో గాయం కానివ్వకూడదు. పైగా ఈ వ్యాధిలో కాలక్రమేణా అరికాలి స్పర్శ మందగించవచ్చు; పాదం పెడలు మీద సరిగా ఆనిందో లేదో పాదమే చెప్పలేని స్థితి రావచ్చు. ఈ రెండు షరతులనూ తీర్చగల పెడలు ఏది? ఈ ప్రశ్నే మా చేత పెడళ్ళను అధ్యయనం చేయించింది.

మా నలుగురి అవసరమూ ఒక విధంగా రెండు ముఖాలు గలది. పని రోజుల్లో కాళ్ళకు ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ బూట్లు ఉంటాయి. దారి కొద్దిపాటిదే అయినా పదే పదే ఆగాలి: కూడలి దగ్గర, గేటు దగ్గర, ఎదురుగా లారీ మలుపు తిరిగినప్పుడు. ఆదివారం నాడు తేలికపాటి బూట్లు, విశాలమైన దారి, ఆగనక్కరలేని ప్రయాణం. ఈ రెంటికీ ఒకే జత పెడళ్ళు చాలాలి. షిఫ్టుకు ఒకటి, షికారుకు ఒకటి అని వారం వారం మార్చుకునే ఓపిక ఎవరికుంటుంది?

దొరికే పెడళ్ళను స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు. మొదటిది మన దేశీ సైకిళ్ళకు వచ్చే రబ్బరు దిమ్మల పెడలు. మెత్తగా ఉంటుంది, చెప్పులతోనైనా తొక్కవచ్చు, గాయం చేయదు. కాని అరిగినకొద్దీ పట్టు పోతుంది, వానలో మరింత జారుతుంది. రెండవది వెడల్పాటి చదును పెడలు. దీని పలక మీద చిన్న మేకుల వంటి లోహపు పిన్నులో, పలకతో పాటే పోతపోసిన మొద్దు బుడిపెలో ఉంటాయి. మూడవది పాదం ముందుభాగాన్ని పంజరంలా బంధించే టో క్లిప్పు, దానికొక తోలు పట్టీ. సేఫ్టీ బూటు ముక్కు ఆ పంజరంలో దూరనే దూరదు. కనుక మాకు ఆ ఊసే అక్కరలేకపోయింది.

నాలుగవది బూటునే పెడలుకు తగిలించే రకం. బూటు అడుగున క్లీట్ అనే చిన్న లోహపు పలకను బిగిస్తారు. పాదంతో నొక్కగానే అది పెడలులోని స్ప్రింగు కొక్కేనికి టక్కుమని తగులుకుంటుంది. మడమను బయటి వైపు తిప్పితే విడిపోతుంది. మంచు మీద జారే స్కీ ఆటలో బూటును పట్టి ఉంచే బంధనాలు తయారుచేసే లుక్ అనే ఫ్రెంచి సంస్థ అదే సూత్రాన్ని సైకిలుకు అన్వయించి 1984లో ఇటువంటి పెడలును విడుదల చేసింది. మరుసటి ఏడాది, 1985లో, బెర్నార్ హినో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ పందెం గెలవడంతో దాని పేరు మారుమోగింది. ఆ క్లీట్ బూటు అడుగు నుంచి పొడుచుకు వస్తుంది కనుక నడవడం కష్టం. జపానుకు చెందిన షిమానో సంస్థ 1990లో ఎస్‌పీడీ పేరుతో చిన్న క్లీట్ తెచ్చింది. ఇది బూటు అడుగులోని గాడిలో ఇమిడిపోతుంది. దిగి నాలుగడుగులు నడవవచ్చు. వింత ఏమిటంటే, తగులుకోవడమే పనిగా గల ఈ పెడళ్ళను ఆంగ్లంలో క్లిప్‌లెస్ అంటారు. పాత పంజరపు క్లిప్పు లేనివి అని దాని భావం.

ఈ రెండవ, నాలుగవ రకాలను కలిపినదే రెండు ముఖాల పెడలు. ఒక వైపు చదును పలక, రెండో వైపు ఎస్‌పీడీ కొక్కెం. సేఫ్టీ బూటు వేసుకున్న రోజున చదును వైపు, ఆదివారపు బూటు వేసుకున్న రోజున కొక్కెం వైపు. కాగితం మీద చూస్తే మా సమస్యకు ఇంతకన్న చక్కని పరిష్కారం ఉండదనిపించింది. మా యువకుడు వెంటనే ఒక జత తెప్పించాడు. మేమిద్దరమూ దానిని అడిగి తీసుకుని కొన్నాళ్ళు తొక్కి చూశాం.

పరీక్షలో తెలిసిన మొదటి విషయం: పెడలు ఎప్పుడు ఏ వైపు తిరిగి ఉంటుందో ఊహించలేము. ఆగిన ప్రతిసారీ కదిలేముందు కిందికి చూసి, బొటనవేలితో తిప్పి, కావలసిన వైపు పైకి తెచ్చుకోవాలి. భీమిలి దారిలో గంటకొకసారి ఆగేవారికి ఇది లెక్కలోనిది కాదు. వెనుక బస్సు హారను మోగుతుండగా కూడలి దాటవలసిన వారికి మాత్రం లెక్కలోనిదే. రెండవది: తగిలించిన పాదాన్ని విడిపించడం ఆలోచనతో కాక అలవాటుతో జరగాలి. అలవాటు కుదరకముందు చాలామంది ఆగిన చోటనే పక్కకు ఒరిగిపోతారు. ఆ అబ్బాయి వారం రోజులు క్వార్టరు ప్రహరీ గోడను పట్టుకుని ఎక్కుతూ దిగుతూ సాధన చేసిన తరువాతే రోడ్డెక్కాడు. పట్టును వదులు చేసే చిన్న మర పెడలులోనే ఉంటుంది. దానిని మూడు మిల్లీమీటర్ల ఆలెన్ తాళంతో తిప్పవచ్చు. ఒక్క దిశలోనే కాక పలు దిశల్లో తిప్పినా విడిపోయే క్లీట్ కూడా వేరుగా దొరుకుతుంది. కొత్తవారికి అదే మేలు. మూడవది: క్లీట్ ఉన్న బూటు నున్నటి గచ్చు మీద జారుతుంది. అది కర్మాగారం లోపల అడుగుపెట్టవలసిన బూటు కానే కాదు.

ఇక లాభం మాటేమిటి? కొక్కెం ఉంటే పాదాన్ని పైకి లాగుతూ కూడా బలం పొందవచ్చని చాలామంది చెబుతారు. వాస్తవంలో నిలకడగా తొక్కేటప్పుడు మన బలం దాదాపు అంతా కిందికి నొక్కేటప్పుడే వెళుతుంది. కొక్కెం వల్ల కలిగే నిజమైన మేలు వేరు: వేగంగా తొక్కినా, గతుకుల మీద ఎగిరినా పాదం తన చోటు నుంచి కదలదు. దూరప్రయాణానికి అది విలువైనదే. కొద్ది కిలోమీటర్ల దారికి ఆ విలువ చాలా స్వల్పం. పెడళ్ళు, వాటికి తగిన బూట్లు కలిపి లెక్కవేస్తే ఒక సాధారణ సైకిలు ధరను మించిపోతుందని కూడా మరువరాదు.

ఇదంతా చూసిన మీదట మాకొక సూత్రం స్పష్టమయింది. పెడలును ఎన్నుకునేవారు అది పాదాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందని అడుగుతారు. అది రెండవ ప్రశ్న కావాలి. అవసరమైన క్షణంలో పాదాన్ని ఎంత సులువుగా విడిచిపెడుతుంది, విడిచిన తరువాత ఆ పాదానికి హాని చేయకుండా ఉంటుందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. రోజువారీ దారిలో ప్రమాదం పొంచి ఉండేది వేగంలో కాదు, ఆగడంలో. రెండు పనులకు ఒకే పెడలు కావాలనుకున్నప్పుడు, ఆ రెంటిలో ఎక్కువ సార్లు ఆగవలసిన పని ఏదో దానికే తీర్పు చెప్పే హక్కు ఇవ్వాలి.

ఆ సూత్రాన్ని అనుసరించి మా ఎంపికలు వేరువేరుగా జరిగాయి. యువకునికి రెండు ముఖాల పెడలే తగినది. అతని ఆదివారాలు దానికి న్యాయం చేస్తాయి. మా ఇద్దరికీ పొట్టి పిన్నులున్న వెడల్పాటి చదును పెడళ్ళు చాలునని తేలింది. సేఫ్టీ బూటు అడుగునా, మామూలు కాన్వాసు బూటు అడుగునా ఆ పిన్నులు సమానంగా పట్టు ఇస్తాయి. ఎటు తిరిగినా రెండు వైపులా ఒకటే. గురువుగారికి మాత్రం పిన్నులు పనికిరావు. పాదం జారితే అవి చర్మాన్ని చీరగలవు. మానని గాయానికి అదే ఆరంభం. ఆయనకు నైలాను పలక మీద మొద్దు బుడిపెలు పోతపోసిన వెడల్పాటి పెడళ్ళు ఎంచాం. పలక వెడల్పు ఆయన బూటు వెడల్పుకు తగ్గకుండా చూశాం. దిమ్మల పెడలు కన్నా పట్టు ఎక్కువ, పిన్నుల పెడలు కన్నా అపాయం తక్కువ. చెప్పులతో తొక్కకపోవడం, పాదం ఆనిన చోటును ఒకసారి కంటితో చూసుకోవడం, రాత్రి పడుకునేముందు అరికాళ్ళు పరీక్షించుకోవడం వైద్యులు చెప్పిన నియమాలు. వాటి అమలు అమ్మగారు చూసుకుంటున్నారు.

బిగించే విధానం గురించి ఒక్క మాట. కుడి పెడలు మర మామూలుది. ఎడమ పెడలు మర ఎదురుది. పెడలు ఇరుసు మీద పడే బరువు క్రాంకు రంధ్రం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. మరల మధ్య ఉన్న కొద్దిపాటి సందులో ఇరుసు దానికి ఎదురు దిశలో సూక్ష్మంగా దొర్లుతుంది. రెండు వైపులా ఒకే రకం మర ఉంటే ఎడమ పెడలు దానంతట అదే ఊడివస్తుంది. విమానం కనిపెట్టకముందు సైకిళ్ళు తయారుచేసిన రైట్ సోదరులు 1900లో తమ సైకిళ్ళకు ఊడిరాని పెడళ్ళు అమర్చామని ప్రకటించుకున్నది ఈ ఎదురు మరతోనే. గుర్తుంచుకోవడానికి సులువైన మార్గం ఉంది: పానాను ఇరుసుకు పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది, వెనుక చక్రం వైపు తిప్పితే వదులవుతుంది; ఇది రెండు పెడళ్ళకూ వర్తిస్తుంది. చాలా పెడళ్ళకు పదిహేను మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. మరకు గ్రీజు రాసి, మొదట చేతితోనే ఎక్కించాలి. పెద్దల సైకిళ్ళకు సాధారణంగా 9/16 అంగుళం మర ఉంటుంది. క్రాంకు అంతా ఒకే ముక్కగా ఉండే పిల్లల సైకిళ్ళకు అర అంగుళం. కొనేముందు కొలుచుకోవడం మంచిది. చీకటి పడ్డాక తిరిగేవారు పెడలుకు రిఫ్లెక్టరు ఉందో లేదో చూసుకోవాలి. పైకీ కిందికీ కదిలే ఆ రెండు వెలుగులను చూడగానే అది సైకిలని వెనుక వచ్చే డ్రైవరు గుర్తిస్తాడు.

గురువుగారు ఇప్పుడు కూడా సైకిలు మీదనే విధులకు వస్తున్నారు. స్కూటరు ప్రస్తావన ఆగిపోయింది. మొన్న మా విభాగంలో ముగ్గురు తమ సైకిళ్ళను తెచ్చి ఆయన ముందు నిలబెట్టి, ఏ పెడళ్ళు వేయమంటారని అడిగారు. ఆయన సైకిళ్ళ వంక చూడలేదు. "ముందు మీరు రోజుకు ఎన్నిసార్లు ఆగుతారో లెక్కపెట్టుకుని రండి" అన్నారు.