చాందినీ చౌక్‌లో నడుం వాల్చే చోటు

పదిహేడో శతాబ్దంలో షాజహాన్ కుమార్తె జహనారా నిర్మింపజేసిన చాందినీ చౌక్‌లో అడుగు తీసి అడుగు వేయలేని రోజులు నాకింకా గుర్తే. అందుకే ఢిల్లీ ప్రభుత్వం ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్ల వీధిని పునర్నిర్మించి 2021లో ప్రారంభించినప్పుడు సంతోషించాను. ఎర్రరాయి పరిచారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు వాహనాలు నిషిద్ధమన్నారు. (ఆ బోర్డు స్కూటర్ల వారికి కనిపించదనుకోండి.) చేరువలోని గాంధీ మైదాన్‌లో, నగరపాలక సంస్థ స్థలంలో, ప్రైవేటు పెట్టుబడితో బహుళ అంతస్తుల పార్కింగు, దానితోపాటే మాల్ వెలిశాయి.

ఈ పనిని ఇప్పటికీ సమర్థిస్తాను. కానీ ఒక మిట్టమధ్యాహ్నం, ఖారీ బావలీ మసాలా బజారులో మిరప బస్తాలు దించి వచ్చిన హమాలీ ఒకరు రాతిబల్ల మీద నడుం వాల్చబోగా కాపలాదారు లేపేశాడు. ఆ బస్తాలు మన గుంటూరువే కావచ్చు. కార్లకు అంతస్తుల మీద అంతస్తులు కట్టినవారి లెక్కలో, ఈ బజారును వీపున మోసేవారికి నీడ ఎందుకు లేకపోయింది? వీధి విక్రేతలకైనా 2014 నాటి చట్టమొకటి ఉంది, అమలు ఎలా ఉన్నా. హమాలీకి అదీ లేదు.

“మరి ఎక్కడ కూర్చుంటారు?” అని అడిగాను. ఆయన మసీదు గోడ నీడ వైపు చెయ్యి చూపి, అటే నడిచాడు.