నాన్న కోసం అరకు రైలు

విశాఖ నుంచి అరకు వెళ్లే కొండదారిలో నాన్న గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. ఇప్పుడు మోకాళ్లు కదలనివ్వడం లేదు. అందుకే ఆ దారిని రైలు సిమ్యులేటర్‌లో కట్టడం మొదలెట్టాను.

పట్టాల దారి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దొరికింది. కొండల ఎత్తులేమో 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచినవి. సుమారు 30 మీటర్లకో అంకె. తీరా నడిపి చూస్తే రైలు కొండ మీదకి ఎక్కేసింది! రాడార్‌కి కనిపించేది కొండ పైభాగమే, లోపలి సొరంగం కాదుగా. కొత్తవలస-కిరండూల్ లైన్‌లో అలాంటివి 58. ఒక్కోదానికీ రెండు చివర్ల ఎత్తు చూసుకుని, మధ్యలో వాలు నేనే సరిచేశాను.

బొర్రా గుహలు దాటాక నాన్న ఆపమన్నారు. "ఇక్కడ ఎడం పక్కన చిన్న వాగుండాలిరా. మేం నీళ్లు తాగేవాళ్లం" అన్నారు.

మ్యాప్‌లో ఆ వాగు లేదు. మా రైలు దారిలో మాత్రం ఇప్పుడు పారుతోంది.