ఆ ఓడ ఓ సమాధి!

టైటానిక్ పేరు వినని వాళ్లుండరు. అది మునిగిన రెండేళ్లకే నీట కలిసిన 'ఎంప్రెస్ ఆఫ్ ఐర్లండ్' సంగతి ఎంతమందికి తెలుసు? 1914 మే 28న ఆ ఓడ 1,477 మందితో కెనడాలోని క్విబెక్ నుంచి లివర్‌పూల్‌కి బయల్దేరింది. అర్ధరాత్రి దాటి రెండు కావస్తోంది. సెయింట్ లారెన్స్ నది సముద్రమంత వెడల్పయ్యే చోట పొగమంచు కమ్మేసింది. ఆ మంచులోంచి బొగ్గు మోసే నార్వే ఓడొకటి వచ్చి పక్కనుంచి గుద్దింది. చాలా కిటికీలు తెరిచే ఉన్నాయి. నీళ్లు లోపలికి దూకాయి. 14 నిమిషాలు... అంతే! 1,012 మంది చనిపోయారు. 138 మంది పిల్లల్లో బతికి బయటపడింది నలుగురే.

ఓడ ఇప్పటికీ అక్కడే, సుమారు 40 మీటర్ల లోతున కుడివైపుకి ఒరిగి ఉంది. దాన్ని చూడ్డానికి స్కూబా డైవర్లు వస్తుంటారు. కానీ అవి సరదాగా ఈదే నీళ్లు కావు. ఎండాకాలంలోనూ అడుగున ఎముకలు కొరికే చలి. గాలిలోకన్నా నీటిలో ఒంటి వేడి పాతిక రెట్లు వేగంగా పోతుంది. అందుకే తడి తగలని డ్రై సూట్ తప్పనిసరి. గాలి అందించే రెగ్యులేటర్ కూడా చలికి గడ్డకట్టొచ్చు. అంత లోతులో నైట్రోజన్ మత్తులా తలకెక్కుతుంది. భయపడి ఒక్కసారిగా పైకొస్తే, సోడా మూత తీసినట్టు అది ఒంట్లో బుడగలు కడుతుంది. ఆగి ఆగి రావాల్సిందే. ఆటుపోట్ల ఉరవడి, మసక చీకటి సరేసరి. ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న డైవర్లూ ఉన్నారు.

ఇంత కష్టపడి దిగినవాళ్లు ఏం తెచ్చుకోవాలి? 1964లో కెనడా డైవర్లు ఈ ఓడ జాడ మళ్లీ కనిపెట్టాక ఎన్నో వస్తువులు ఒడ్డుకి చేరాయి. వదిలేస్తే నది తినేస్తుంది, పైకి తెస్తే నలుగురూ చూస్తారన్నది ఒక వాదన. అందులో నిజం లేకపోలేదు. రిముస్కీ దగ్గరి మ్యూజియంలో ఆ ఓడ వస్తువులు చూసినవాళ్లకి అది తెలుస్తుంది. కానీ ఆ గదుల్లో నిద్రపోయిన వాళ్లలో ఎందరో మళ్లీ లేవలేదు. చివరికి 1999లో క్విబెక్ ప్రభుత్వం ఆ చోటుని చారిత్రక సంపదగా ప్రకటించి, వస్తువులు తీయకుండా కట్టడి చేసింది. చూడ్డానికి మాత్రం అభ్యంతరం లేదు.

అదే సబబు. పెద్దల సమాధి దగ్గరికి వెళ్తే దీపం పెట్టి దణ్ణం పెట్టుకుని వస్తాం. అక్కడి ఇటుక ఇంటికి తెచ్చుకోం కదా!