సీసా మీద బిళ్ళ

ఎడిసన్‌లో మా పచ్చళ్ళ కొట్టుకి వచ్చే పిల్లల్లో నువ్వులు, వేరుశనగ పడనివాళ్ళున్నారు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల పేరూ లేబుల్ మీద తప్పనిసరి. వేస్తున్నాం. కానీ "అదే గ్రైండర్లో వేరుశనగ పొడి చేశారాండీ?" అని అడిగే తల్లికి ఆ చిన్న కాగితం ఏం చెబుతుంది?

అందుకే సీసాలకి రూపాయి బిళ్ళంత ఎన్‌ఎఫ్‌సీ ట్యాగులు అంటించాను. బ్యాటరీ ఉండదు, ఫోన్ దగ్గరికి తెస్తే దాని శక్తితోనే పనిచేస్తుంది. ఒక్కో వాయికి ఒక్కో పేజీ, దాని లింకు. అంతే కనుక 144 బైట్ల ఎన్‌ట్యాగ్ 213 చాలు. 888 బైట్ల 216 మనకెందుకు? రేకు మూత మీద మామూలు ట్యాగు పలకదు, గాజు మీదే అంటించాలి. లింకు రాశాక లాక్ చేయడం మరవకండి. లేకపోతే దారినపోయేవాడెవడైనా ఫోన్‌తో మార్చేయగలడు. అలర్జీ ఉన్న బిడ్డ విషయంలో అది వేళాకోళం కాదు! లాక్ చేసినా పేజీలో రాసింది మనం దిద్దుకోవచ్చు.

మొన్న ఓ ఎనిమిదేళ్ళ పాప వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని, వరసగా సీసాలన్నిటికీ తాకించింది. నువ్వుల నూనె ఆవకాయ వెనక్కి పెట్టేసి, నూనె లేని నిమ్మకాయ బుట్టలో వేసుకుంది.