యాడి వేలిముద్ర ఉన్న కార్డు

ఇది కొంచెం పెద్దగనే ఉంటది, తీరిక దొరికినప్పుడు చదవండి. పిల్లల బడి కాగితాలు ఇంట్ల ఎట్ల దాచాలె అన్నదాని గురించి రాస్తున్నం. ఇది కూడా ఒక విషయమా అనుకోవచ్చు. మేము కూడా అట్లనే అనుకున్నం, మా భియాకు పిలుపొచ్చిన దాక.

మేము నలుగురం. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు. తాండూరు దగ్గర తండా మాది. బాపు బండల గనులల్ల పని చేసిండు, పాలిషింగ్ కాడ చేసిండు, పని దొరకని ఏడాది కందులు కోసినంక పూణె పోయేది. యాడికి చదువు రాదు. ఇంట్ల కాగితాలకు ఒకటే జాగా, ఇనుప సందుగ. పాసుపుస్తకం, రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, మా నలుగురి బడి కాగితాలు, యాడి పెళ్లినాటి ఫేటియా, అన్నీ అందులనే. ఏది కావాల్నన్నా మొత్తం కింద పొయ్యాలె, ఎతకాలె, మళ్ల నింపాలె. ఒక వానకాలం రేకుల సందుల నుంచి నీళ్లు కారి సగం తడిసినయి. ఎండకు ఆరబెట్టి మళ్ల అందులనే కుక్కినం.

మాలో పెద్దోన్ని అందరం భియా అంటం. పోయిన ఏడాది ఆయనకు ఒక ఉద్యోగం సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపొచ్చింది. ఇంట్ల పండుగే అనుకోండి. పది మెమో ఉంది, ఇంటర్ ఉంది, డిగ్రీ ఉంది, కుల ధ్రువీకరణ పత్రం ఉంది. అన్నీ కవర్ల పెట్టుకొని కూసున్నడు. తీరా లిస్టు చూస్తే ఒకటి నుంచి ఏడో తరగతి దాక స్టడీ సర్టిఫికెట్లు అని ఉంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె, ఎందుకంటే మన పెద్దోళ్లకు ఇంకా పాత లెక్కనే తెలుసు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం లోకల్ ఎవరు అన్నది పదో తరగతికి ముందటి ఏళ్లు చూసి తేల్చేది. అందుకే మన ఇండ్లల్ల పది మెమోను దేవుని పటం లెక్క దాస్తరు, చిన్నబడి కాగితాలు పొయ్యిల పెడ్తరు. 2018 ఉత్తర్వులతోటి లెక్క కిందికి దిగింది. ఇప్పుడు ఒకటి నుంచి ఏడు దాక ఎక్కడ చదివినవో చూస్తరు. ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాల చదివితే ఆ జిల్లా లోకల్. లెక్క మారిందని మనకు చెప్పినోళ్లు లేరు, మన సందుగలు పాత లెక్క మీదనే ఉన్నయి.

భియా చదువు ఒక్కకాడ సాగలేదు. ఒకటి, రెండు తండా బడిల. మూడు, నాలుగు, అయిదు తాండూరుల మా మేనత్త ఇంట్ల ఉండి ఒక చిన్న ప్రైవేటు బడిల. ఆరు, ఏడు వేరే జిల్లాల హాస్టల్ల ఉండి. తండా బడి సర్టిఫికెట్ ఒక్కరోజుల దొరికింది. ఆరు, ఏడు కూడా తెచ్చిండు. ఆ ప్రైవేటు బడి మాత్రం మూతపడి ఏండ్లయింది. ఆ జాగాల ఇప్పుడు టైల్స్ దుకాణం ఉంది. అంటే భియా చేతుల ఉన్నది ఇక్కడ రెండేళ్లు, అక్కడ రెండేళ్లు. పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ, ఓటు ఇక్కడ, అయినా కాగితం మీద ఆయన ఎక్కడి మనిషో తేలదు. పరిశీలనకు తొమ్మిది రోజులు ఉంది.

మూతపడ్డ బడుల రిజిస్టర్లు విద్యాశాఖ ఆఫీసుల ఉంటయని ఒక సారు చెప్పిండు. పోయినం. అక్కడి గుమస్తా మంచోడే, అల్మారా చూపించిండు. రిజిస్టర్లు కట్టలు కట్టలు ఉన్నయి. 'పేరు చెప్తే ఎట్ల దొరుకుతది బాబు, అడ్మిషన్ నంబర్ ఏంది?' అన్నడు. ఇరవై ఏండ్ల కిందటి అడ్మిషన్ నంబర్ ఎవరికి యాదుంటది? దానికి తోడు మా ఇంటిపేరు ఒక్కతీరుగ లేదు. తండా బడిల నాయక్ అని రాసిండ్రు, పది మెమోల రాథోడ్ అని ఉంది. ఆ ప్రైవేటు బడిల ఏం రాసిండ్రో మాకే తెల్వదు.

ఆ రాత్రి సందుగ మొత్తం కింద పోసినం. మేము నలుగురం, కరెంటు పోతే సెల్ లైట్లు పెట్టుకొని, ఒక్కొక్క కాగితం చదివినం. ఏం దొరకలేదు. యాడి అంతసేపు గోడకు ఆనుకొని చూస్తనే ఉంది. మేము చాలించినంక అడిగింది, 'ఏ కాగితం గురించి ఎతుకుతున్నరు?' అని. తాండూరు బడిది అంటే లేచింది. బియ్యం డబ్బా వెనక నుంచి ఒక గుడ్డ మూట తీసింది. అందుల నాలుగో తరగతి ప్రోగ్రెస్ కార్డు. గులాబి రంగు అట్ట, మూలలు ఎలుక కొరికింది. ఇన్నేండ్లు ఎందుకు దాచినవ్ యాడి అంటే తిప్పి చూపించింది. వెనక తల్లిదండ్రుల సంతకం అని ఉన్న కాడ, వరసగ, నీలి సిరా వేలిముద్రలు. 'ఇవి నావి కదా' అన్నది.

మా నలుగురిలో డిగ్రీ చదివినోళ్లు ముగ్గురం. మేము చదివినయి చూసి దాచినం, యాడి తన వేలు చూసి దాచింది. కార్డు మీద పైన మూలకు అడ్మిషన్ నంబర్ ఉంది.

నంబర్ ఉంటే గుమస్తాకు గంట కూడా పట్టలేదు. మూడు, నాలుగు తరగతులు దొరికినయి. అయిదో తరగతి ఏడాది రిజిస్టర్ తడిసి పేజీలు అంటుకుపోయినయి, అది రాలేదు. ఏడింట్ల నాలుగేళ్లు ఇక్కడివే అని తేలింది కాబట్టి గండం గడిచింది. ఉద్యోగం వచ్చిందా అని అడుగుతరు. రాలేదు. కొద్ది మార్కులల్ల పోయింది. మార్కులల్ల పోయినదానికి మళ్ల చదువుకుంటరు, భియా చదువుతున్నడు కూడా. మూడో తరగతి కాగితం లేక పోయి ఉంటే మాత్రం ఇంట్ల ఎవరం ఎవరి మొహం చూసేటోళ్లం కాదు.

ఆ తర్వాత మేము కూసొని మాట్లాడుకున్నం. ఇప్పుడు మా అక్క పిల్లలు ఇద్దరు, భియా బిడ్డ ఒకతె బడికి పోతున్నరు. ముందు మాకు తోచింది ఏందంటే, ఒక్కొక్కరికి ఒక ఫైలు కొని, మీద పేరు రాసి, లోపల విభాగాలు చేయాలని. తాండూరు పోయి మూడు బటన్ ఫైళ్లు తెచ్చినం కూడా. పది రోజులల్ల అన్నీ ఒక్కటైనయి. ఎందుకంటే పగలు ఇంట్ల ఉండేది యాడి. బడి నుంచి ఆధార్ జిరాక్స్ కావాల్నని కబురొస్తే తీసిచ్చేది యాడి. ఫైలు మీద మేము రాసిన పేరు ఆమెకు గీతలే. ఇంట్ల కాగితం ఎవరి చేతుల మీదుగ పోతదో వాళ్లకు తెలిసేటట్టు ఉండాలె గాని మనకు తెలిసేటట్టు ఉంటే ఏం లాభం?

అప్పుడు యాడే తోవ చూపింది. పాత కాంచళి విప్పి, అద్దాలున్న ముక్కలు కోసి మూడు గుడ్డ సంచులు కుట్టింది. పెద్ద మనవనికి ఒక అద్దం, రెండోదానికి రెండు, చిన్నదానికి మూడు. ఫైళ్లు ఆ సంచులల్ల పెట్టినం. లోపల మొదటి పేజీకి ఆ పిల్ల ఫోటో అంటించినం. ఇప్పుడు రాత్రిపూట చీకట్ల అడిగినా వేలితోని తడిమి తీసిస్తది. సంచులు సందుగల లేవు, దూలానికి కొక్కెం కొట్టి యాలాడదీసినం. నీళ్లు, ఎలుకలు, చెదలు మూడింటి బాధ పోయింది.

ఫైల్ల ఏముంటయి అంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్, కుల పత్రం, ప్రతి ఏడాది ప్రోగ్రెస్ కార్డు. దాంతోపాటు ఏటా బడి మూసే ముందు, ఏప్రిల్‌ల, ఆ ఏడాదికి స్టడీ సర్టిఫికెట్ రాయించుకుంటున్నం. ఏడేళ్లయినంక ఏడూ ఒక్కసారి అడుగుతమంటే అప్పటికి బడి ఉంటదో లేదో, సారు ఉంటడో లేదో. హెడ్మాస్టర్ మొదటిసారి నవ్విండు, 'ఒకటో తరగతికే ఎందుకమ్మా' అని. భియా కథ చెప్తే మాట్లాడకుండ రాసిచ్చిండు. ఫైలు చివర ఒక కాగితం మీద బడి పేరు, అడ్మిషన్ నంబర్, తరగతి, ఏడాది, ఊరు, మండలం, జిల్లా రాస్తున్నం.

జిల్లా ఎందుకు రాయాలె అంటరేమో. మా కాగితాలల్ల రంగారెడ్డి జిల్లా అని ఉంటది. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా అయింది. 2018ల తండాలు గ్రామ పంచాయతీలు అయినయి, అడ్రసు మళ్ల మారింది. జోన్లు వచ్చినప్పుడు మన జిల్లాను జోగులాంబల పెట్టిండ్రు, 2021ల చార్మినార్‌కు మార్చిండ్రు. మనం ఉన్నకాడనే ఉన్నం, చుట్టూ గీతలే జరుగుతున్నయి. ఏ ఏడాది ఏ పేరుండెనో రాసిపెట్టుకోకపోతే రేపు పిల్లలు పరీక్షల కంటే ఇదే ఎక్కువ చదవాల్సి వస్తది.

పేరు సంగతి కూడా ఒకసారి చూసుకోండి. మన తండాలల్ల తండ్రి నాయక్, కొడుకు రాథోడ్, బిడ్డ బాయి, ఇది మామూలే. పుట్టిన తేదీ తెల్వక సారు జూన్ నెల ఏదో ఒక తారీఖు రాసినోళ్లు మా ఈడుల ఎంతమంది! పదో తరగతి నామినల్ రోల్స్ పోయే ముందే అక్షరం అక్షరం చూపించుకోవాలె. మెమో వచ్చినంక మార్చుడు పెద్ద తిప్పలు.

పెద్ద సర్టిఫికెట్లకు డిజిలాకర్ ఉంది కదా అని మా చెల్లె అంటది. 2015 నుంచి ఉంది, మంచిదే, మేము వాడుతున్నం. భియా మూడో తరగతి అందుల లేదు. ఫోన్ల ఫోటోలు కూడా తీసి పెట్టినం, ఒకటి భియా ఫోన్ల, ఒకటి చెల్లె ఫోన్ల, ఎందుకంటే మన ఫోన్లు పగులుతయి, పోతయి, అమ్ముడుపోతయి.

ఇగ రోజూ వచ్చే కాగితాలు. స్లిప్ టెస్టులు, ప్రాజెక్టులు, చార్టులు. ఎఫ్‌ఏలల్ల నోట్‌బుక్‌కు, ప్రాజెక్టుకు, స్లిప్ టెస్టుకు మార్కులు ఉంటయి, అది తెల్వక మేము మా కాలంల చానా పోగొట్టుకున్నం. ఒకే అర్ర ఇల్లు, పిల్లలు ముగ్గురు, వాకిట్ల మేకలు. అక్క పెద్ద కొడుకు మొక్కల భాగాల మీద చేసిన ప్రాజెక్టు నిజంగనే మేక తిన్నది. అంటించిన ఆకులు ఎండినయి కాదు, పచ్చివి. మేక తప్పు కూడా ఏం లేదు. స్లిప్ టెస్టులకు మాత్రం కరెంటు బిల్లులు గుచ్చే ఇనుప తీగ ఒకటి పెట్టినం, బడి నుంచి రాంగనే గుచ్చుడే. తారీఖు వరస దానంతట అదే ఉంటది, కింది నుంచి పైకి. నోట్‌బుక్కులు ఏడాది పరీక్షలు అయ్యేదాక ఉంచి, తర్వాత తూకానికి అమ్ముతం. అన్నీ దాస్తే మనుషులకు జాగ ఉండదు.

పూణె, ముంబయి పోయేటోళ్లు ఉంటే ఒక్క మాట. పిల్లలను తీసుకపోతే బడిల చెప్పి టీసీ తీసుకోండి, అడిగితే వెంటనే ఇయ్యాలని 2009 విద్యాహక్కు చట్టంలనే ఉంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవుడు కూడా కుదరదు. బాపు మమ్ముల తీసుకపోయినప్పుడు ఈ చట్టం లేదు. మా చిన్న తమ్మునికి రెండో తరగతి ఏడాది ఏ కాగితం మీదా లేదు, వాడు ఆ ఏడాది ఇసుక కుప్పల మీద ఆడుకున్నడు. వాని కోసం తహసీల్దార్ ఆఫీసు నుంచి నివాస పత్రం ఎట్ల తేవాల్నో ఇప్పటి నుంచే తిరుగుతున్నం.

మొన్న చిన్నదాని ప్రోగ్రెస్ కార్డు ఇంటికొచ్చింది. వదిన పెన్ను పట్టుకొని సంతకం పెట్టబోయింది. యాడి ఆగమన్నది. చిన్నది బడి నుంచి స్టాంప్ ప్యాడ్ అడిగి తెచ్చింది.